నలుబదిమూడవ యేట నేర్చిన విద్య

(సంఘ వార్షిక మహాసభయందు, విశాఖపట్టణమున, చదివిన ఉపన్యాసము)



ఈ మహాసభయందు ఉపన్యసించుటకు నాకంటె విద్యావంతులును, ధనవంతులును, లోకానుభవము గలవారును మన సంఘమున పెక్కండ్రు కలరు. అట్టివారుండగా, ప్రతిదినము మోకాళ్ళపై కూర్చుండి పరుల యిండ్లలో పలకలు పఱచుకొను నన్ను ఈ వేదికపై నిలిపిన కార్యదర్శిగారి సాహసమును మెచ్చుకొనవలెనో, నా యుపన్యాసము వినవలసివచ్చిన మీ దురదృష్టమునకు విచారింపవలెనో తోచకున్నది. వారు నన్ను కోరినది యొక్కటే. "ఉద్యోగము పోయిన పిమ్మట మీరు టైల్సుపని నేర్చుకొంటిరి గదా! ఆ సంగతి దాచక చెప్పుడు" అనిరి. "దాచక" యను మాట నాకు గట్టిగా తగిలినది. ఏలయన, ఆ సంగతిని నేను మన సభలోనే ఒక పర్యాయము దాచితిని.

మన మహాసభ ద్వారమువద్ద నుంచు సభ్యుల పట్టికలో పేరు, ఊరు, వృత్తి యని మూడు గడులుండుట మీరందఱు ఎఱుగుదురు. ఐదేండ్ల క్రిందట నేను ఇట్టి సభకు వచ్చినపుడు నా ఉద్యోగము పోయి పదునొకండు నెలలైనది. ముందటి సాయంకాలమువఱకు సిమెంటు కలిపిన చేయి. గోళ్ళసందుల నుండి ఆ బూడిదరంగు ఎంత తోమినను పోలేదు. ఆ చేతితోనే కలము పట్టి, మూడవ గడిలో "ప్రైవేటు ఉద్యోగి" యని వ్రాసి, చేయి జేబులో పెట్టుకొని లోనికి వచ్చి వెనుకవరుసలో కూర్చుంటిని. ఆ దినమున వేదికపై పెద్దలు మన బాలురు ఉన్నతోద్యోగములు సంపాదింపవలెనని యుపదేశించిరి. నేనును చప్పట్లు కొట్టితిని. జేబులోని చేయి పైకి తీయక తప్పలేదు. ప్రక్కనున్న పెద్దమనిషి దానిని చూచి, చూడనట్లు ముఖము త్రిప్పుకొనెను. నేటి నా ఉపన్యాసము ఆ యసత్యమునకు ప్రాయశ్చిత్తమని భావింప వేడుచున్నాను.

మన పట్టణము, మన ఉద్యోగములు

విశాఖపట్టణమున పుట్టిపెరిగిన మనకు ఉద్యోగమన్న నొక దైవము. ఈ భక్తి యెట్లు కలిగినదో కొంచెము వెనుకకు చూతము. నూఱేండ్ల క్రిందట ఈ యూరు చేపలపడవలును, ఉప్పుమళ్ళును, కొలదిపాటి కచ్చేరీలును గల చిన్న పట్టణము. 1933వ సంవత్సరమున నౌకాశ్రయము తెఱవబడెను. 1941లో సింధియా కంపెనీవారి నౌకానిర్మాణశాలకు బాబూ రాజేంద్రప్రసాదుగారు శంకుస్థాపన చేసిరి. అచ్చట కట్టిన 'జల ఉష' యను ఓడను 1948 మార్చి 14వ తేదీన నెహ్రూగారు నీటిలోనికి విడిచిరి. 1957లో చమురుశుద్ధి కర్మాగారము వచ్చెను. 1966లో "విశాఖ ఉక్కు, ఆంధ్రుల హక్కు" అను నినాదముతో రాష్ట్రమంతయు కదలెను. పెక్కండ్రు ప్రాణము లర్పించిరి. 1970 ఏప్రిల్ 17వ తేదీన ఇందిరాగాంధీగారు పార్లమెంటులో ఉక్కు కర్మాగారమును ప్రకటించిరి. 1971 జనవరి 20న శంకుస్థాపన జరిగెను. 1992 ఆగస్టు 1న పి.వి. నరసింహారావుగారు దానిని జాతికి అంకితము చేసిరి.

ఈ తేదీలు మీ కందఱకును తెలిసినవే. వీని వెనుకనున్న మనుష్యులను మాత్రము మనము మఱచుచున్నాము. నౌకాశ్రయము వచ్చినపుడు వలలు విసరినవాడు కళాసీ యయ్యెను. ఉక్కు కర్మాగారమునకు భూము లిచ్చిన రైతు, చేతిలో నిర్వాసితుని ఆర్-కార్డు పట్టుకొని, నాగలి విడిచి కొలిమిచెంత నిలిచెను. అరక దున్నిన చేతితో క్రేను నడపుట ఆతని కెవడు నేర్పెను? తప్పనిసరియై తానే నేర్చుకొనెను. మన తాతలు తండ్రులు వృత్తి మార్చుకొనియే ఈ పట్టణమును కట్టిరి. వారి బిడ్డలమైన మనము మాత్రము, ఒకసారి దొరకిన ఉద్యోగము శిలాశాసనమని నమ్మి కూర్చుంటిమి.

ఆ శాసనము చెఱగుట మన కన్నులయెదుటనే చూచితిమి. 2009లో చిట్టివలస జనుపనార మిల్లు మూతపడెను. 2012లో జింకు కర్మాగారమున ఉత్పత్తి నిలిచిపోయెను. 2021 జనవరి 27న కేంద్రమంత్రివర్గపు సంఘము ఉక్కు కర్మాగారమునందలి ప్రభుత్వ వాటాల విక్రయమునకు సూత్రప్రాయముగ సమ్మతించినది మొదలు గాజువాక, కూర్మన్నపాలెము ప్రాంతములలో ఎన్ని యిండ్లలో నిద్ర లేకపోయినదో నేను చెప్పనక్కఱలేదు. 2025 జనవరిలో 11,440 కోట్ల రూపాయల సహాయము ప్రకటింపబడినది. దానివలన కర్మాగారము నిలుచుగాక యని మనమందఱము కోరుదము. అయినను ఒప్పందపు కూలీకి, ఒప్పందపు గుమాస్తాకు ఏ ప్రకటనయు శాశ్వతమైన భరోసా కాదు. నేనట్టి గుమాస్తానే.

శిష్యరికము

ఒక సంస్థయొక్క గిడ్డంగిలో పదునేడేండ్లు సామానుల లెక్క వ్రాసితిని. సంస్థ పేరు చెప్పను. అది యిప్పటి ప్రస్తుతము కాదు. ఆఱేండ్ల క్రిందట ఒక సోమవారమున నాతోకూడ మఱికొందఱిని ద్వారమువద్దనే నిలిపి, ఒప్పందము ముగిసినదని చెప్పిరి. అప్పటికి నా వయస్సు నలుబదిమూడు. ఇంటిలో వృద్ధురాలైన తల్లి, చదువుకొనుచున్న కుమార్తె, కుమారుడు. నాలుగునెలలు దరఖాస్తులు వ్రాసితిని. "ఈ వయస్సులో కష్టమండీ" యన్న మాట ఒక్కటే అన్ని చోటులను వినవచ్చినది. నా సహధర్మచారిణి కుట్టుమిషను ముందు కూర్చుండి యింటిని నిలిపినది. ఆ నాలుగు నెలల ఋణమును నేను తీర్చలేను.

అప్పుడు మా వీధిలో ఒక యిల్లు కట్టుచుండిరి. సాయంకాలము పనిలేక అచ్చట నిలుచుండి టైల్సు పఱచు మేస్త్రీని చూచుచుంటిని. ఆతడు శ్రీకాకుళము వైపువాడు. నాకంటె పదునాలుగేండ్లు చిన్నవాడు. మన కులస్థుడు కాడు. ఐదారు దినములు చూచి యొకనాడు ఆతడే, "బాబాయ్, నువ్వు నేర్సుకోడానికొచ్చేవా, సూడ్డానికొచ్చేవా?" యని యడిగెను. నేను సిగ్గుపడి, "నేర్పెదరా మేస్త్రీగారూ?" అంటిని. ఆతడు నవ్వి, ఇసుక జల్లించు జల్లెడ నా చేతికిచ్చెను. నా విద్యారంభ మంతియే.

మొదటి మూడునెలలును తాపీ నా చేతికి రాలేదు. ఇసుక జల్లించుట, సిమెంటు మోయుట, పాళ్ళు కొలిచి కలుపుట, గోడపలకలు తొట్టిలో నానవేయుట, పని ముగిసిన పిమ్మట సందులు తుడుచుట, ఇవియే నా పాఠములు. గుమాస్తాగ నున్నపుడు నాకు లభించిన జీతములో సగముకూడ లేని కూలి. మొదటివారము రాత్రులు చేతులు ముడువరాలేదు. ఇరువదేండ్ల బాలురు నన్ను దాటి బస్తాలు మోయుచుండగా నేను మెట్లమీద రొప్పుచు నిలిచితిని. వారిలో ఒక్కడును నన్ను ఎగతాళి చేయలేదని కృతజ్ఞతతో చెప్పుచున్నాను. మధ్యాహ్నము అందఱము ఒక్కచోట క్యారేజీలు విప్పుకొని తినువారము. మా మేస్త్రీ నాకు నేర్పినందులకు ఒక్క రూపాయి పుచ్చుకొనలేదు. నా కుల మేదియని యొక్కనాడును అడుగలేదు. కులసభయందు నిలిచి ఈ మాట చెప్పుట నా ధర్మమని తలచుచున్నాను. విద్య యిచ్చువానిని విద్యను బట్టియే గౌరవింపవలెను.

పనిలోని శాస్త్రము

సోదరులారా! ఈ పని మోటుపని యని మనలో పలువురి యభిప్రాయము. నేనును అట్లే తలచితిని. కావున దీనిలోని శాస్త్రమును కొంచెము విన్నవించెదను.

మన తాతలనాడు నేలకు మట్టియలుకు. పిమ్మట కలిగినవారి యిండ్లలో సున్నపుగచ్చు వచ్చెను. ఆపైని కడప, బేతంచెర్ల, తాండూరు నాపరాళ్ళు, వానివెనుక మొజాయిక్, తరువాత చలువరాయి. ఇప్పుడు గుజరాతురాష్ట్రమునందలి మోర్బీనుండి లారీలలో వచ్చు విట్రిఫైడు పలకలదే రాజ్యము. నేల మాఱినప్పుడెల్ల మేస్త్రీయు క్రొత్తగా నేర్చుకొనవలసినదే. నాపరాయి పఱచుటలో ఆరితేఱిన పెద్దమేస్త్రీలు క్రొత్తపలక వచ్చినపుడు తడబడుట నేను చూచితిని. మా మేస్త్రీ చెప్పిన మొదటి రహస్యమిది: పలక నీరు త్రాగునా, త్రాగదా యని ముందుగ తెలిసికొనవలెను. గోడలకు వేయు సామాన్యపు సిరామిక్ పలక తన బరువులో నూటికి పదిపాళ్ళకు మించి నీరు త్రాగును. దానిని నానవేయకుండ సిమెంటుమీద అదిమినచో, సిమెంటులోని తడి నంతయు అది పీల్చుకొనును. సిమెంటు గట్టిపడకయే యెండిపోవును. కొన్నినెలలకు పలక ఊడిపడును. విట్రిఫైడు పలక యట్లు గాదు. ఇంచుమించు 1,200 డిగ్రీల సెంటిగ్రేడు వేడిలో కాల్చినందున అది గాజువలె బిగిసియుండును. నూటికి అరపాలుకంటె నీరు త్రాగదు. కావున ఒట్టి సిమెంటుపాలను అది గట్టిగా పట్టుకొనదు. దానికి ప్రత్యేకమైన జిగురుపొడి కావలెను. పలకలకు ఐ.ఎస్. 15622 అనియు, జిగురులకు ఐ.ఎస్. 15477 అనియు భారతీయ ప్రమాణములు కలవు. పెట్టెమీదను, బస్తామీదను ఆ సంఖ్యను చదువుట నేర్చినవాడు సగము మేస్త్రీ. చదువుకొన్నవాడు ఈ పనికి వచ్చినచో కలుగు లాభ మిదియే.

రెండవది మూలమట్టము. గది నాలుగుమూలలును సరిగా నుండునని నమ్మరాదు, తఱుచుగా నుండవు. ఒక గోడవెంట మూడడుగులు, ప్రక్కగోడవెంట నాలుగడుగులు కొలిచి గుర్తుపెట్టి, ఆ రెండు గుర్తుల నడుమ దారము పట్టినచో సరిగా ఐదడుగు లుండవలెను. లేనిచో మూల వంకర. మన శుల్బసూత్రములలో యజ్ఞవేదికను కట్టుటకు చెప్పిన లెక్కయే స్నానపుగది నేలకును పనికివచ్చుచున్నది. బడిలో ఈ లెక్కకు నాకు పది మార్కులు వచ్చినవి. దాని యర్థము మాత్రము నలుబదిమూడవ యేట తెలిసినది.

మూడవది కూర్పు. పది యడుగుల మూడంగుళముల వెడల్పు గల గదిలో రెండడుగుల పలకలను ఒక గోడనుండి వరుసగా వేసికొని పోయినచో, ఐదు పలకల పిమ్మట మూడంగుళముల పీలిక మిగులును. ఆ పీలిక కంటికి వికారము, కాలికి బలహీనము. తెలిసిన మేస్త్రీ నడుమ నాలుగు నిండుపలకలు పెట్టును. మిగిలిన ఇరువదియేడు అంగుళములను రెండు ప్రక్కలకు పదుమూడున్నర చొప్పున పంచును. ఇందు పలకలు కొన్ని యెక్కువ పట్టును. ఆలోచనయు ముందుగ జరుగవలెను.

నాలుగవది అంచనా. పండ్రెండడుగుల పొడవు, పదియడుగుల వెడల్పు గల గదికి 120 చదరపు అడుగులు. రెండడుగుల పలక నాలుగు చదరపు అడుగులు గనుక ముప్పది పలకలు. గోడల అడుగున వేయు స్కర్టింగునకు చుట్టుకొలత 44 అడుగులు. మూడడుగుల వాకిలి తీసివేయగా 41. ఒక పలకను నాలుగంగుళముల పట్టీలుగ కోసినచో ఆఱు పట్టీలు, అనగా పండ్రెండడుగులు వచ్చును. కావున నాలుగు పలకలు. విఱుగుడునకు రెండు. మొత్తము ముప్పదియాఱు, పెట్టెకు నాలుగు చొప్పున తొమ్మిది పెట్టెలు. గిడ్డంగిలో పదునేడేండ్లు నేను వ్రాసిన లెక్కలు వ్యర్థము కాలేదని ఈ అంచనాలు వ్రాయుచున్నప్పుడు నాకు మొదటిసారి తోచినది. నేను వ్రాసిన అంచనా కాగితమును చూచి మా మేస్త్రీ దానిని మడిచి జేబులో పెట్టుకొని, మఱునాడు ఇంటియజమానికి చూపెను. అది నాకు బిరుదుపత్రముకంటె నెక్కువ.

ఐదవది యిసుక. మన పట్టణమునకు నాగావళి, వంశధారల యిసుక వచ్చును. సముద్రపుటిసుక చేరువలో ఉచితముగ నున్నదని యాశపడినచో, దానిలోని ఉప్పు తెల్లనిపూతగ పైకి తేలి పనిని పాడుచేయును.

నా తప్పు

రెండేండ్లు గడచిన పిమ్మట నేను స్వంతముగ నొక పని యొప్పుకొంటిని. ఒక విశ్రాంత ఉపాధ్యాయులవారి యిల్లు, చిన్న స్నానపుగది. గోడలు చక్కగ వచ్చినవి. నేలయు అద్దమువలె నుండెను. వారు చూచి సంతోషించి పూర్తి సొమ్ము చేతిలో పెట్టిరి. మూడవనాడు ఫోను వచ్చినది. నీరు తూమువైపు పోక గోడప్రక్కను నిలుచుచున్నదట. పోయి చూచితిని, నిజమే. నేల అద్దమువలె నుండుటయే నా తప్పు. స్నానపుగదికి అద్దము పనికిరాదు, వాటము కావలెను. అడుగునకు అంగుళములో ఎనిమిదవవంతు చొప్పున, ఆఱడుగుల గదికి ముప్పావంగుళమైనను తూమువైపు పల్లముండవలెను. గది యందముగ కనబడవలెనను తొందరలో నేను దానిని పోగొట్టితిని.

మా మేస్త్రీని పిలుచుకొని పోయితిని. ఆతడు ఒక చెంబు నీరు నేలపై పోసి, చూచి, "నీళ్లు నీ మాట ఇంతాయేటి బాబాయ్? పల్లం సూపిత్తేనే ఎల్తాయి" అనెను. అంతకుమించి యొక్కమాట అనలేదు. అప్పుడు నాయెదుట రెండు మార్గము లుండెను. తూముచుట్టు నాలుగు పలకలు తీసి, ఏదో సర్దుబాటు చేసి, సొమ్ము దక్కించుకొని పోవుట యొకటి. నేల యంతయు పగులగొట్టి మరల వేయుట రెండవది. ఆ సొమ్ముతో ఆ నెల కుమార్తె కళాశాల జీతము కట్టవలసియుండెను. ఇంటికి వచ్చి చెప్పగా నా సహధర్మచారిణి, "మళ్ళీ వేయండి. ఫీజు సంగతి నేను చూస్తాను" అన్నది. మఱునాడు సుత్తి, ఉలి పట్టుకొని పోయి నేలంతయు పెరికితిని. స్వంతసొమ్ముతో పలకలు కొంటిని. నాలుగు దినములు పట్టినది. చివర నేనే చెంబుతో నీరు పోసితిని. నీరు క్షణము తటపటాయించి తూమువైపు కదలినది. ఆ నీరు కదలినపుడు నాకు కలిగిన యానందము పదునేడేండ్ల ఉద్యోగములో ఒక్కనాడును కలుగలేదు. ఆ యుపాధ్యాయులవారు నాటినుండి నేటివఱకు నాకు చూపించిన పనులు పదికి మించినవి.

గుమాస్తా తప్పు కాగితములో దాగును. పైయధికారి సంతకముక్రింద మణగిపోవును. మేస్త్రీ తప్పుమీద ఇంటివారు ప్రతిదినము కాలు పెట్టుదురు. పలకక్రింద ఐదుచోట్ల ముద్దలు పెట్టి పైన అదిమినవాని పని చూచుటకు బాగుగనే యుండును. తట్టి చూచినచో డొల్ల శబ్దము వచ్చును. బరువైన వస్తువు పడిననాడు మూల పగులును. పండ్లుగల తాపీతో జిగురును నేలనిండ దువ్వినవాని పని మాత్రమే నిలుచును.

ఇతరదేశములయందు

పాశ్చాత్యదేశములలో ఈ విద్యకు గల గౌరవమును గూర్చి రెండుమాటలు. జర్మనీదేశమున పలకలు పఱచువిద్యకు మూడేండ్ల క్రమశిక్షణ కలదు. స్వంతముగ వ్యాపారము పెట్టుటకు మేస్త్రీపరీక్షలో నెగ్గవలెనను నిబంధనను 2004లో సడలించిరి. మరల 2020లో విధించిరి. ప్రపంచ నైపుణ్యపోటీలలో గోడ, నేల పలకలపని ప్రత్యేకమైన యొక విభాగము. అమెరికాదేశమున నీగ్రోజాతి విద్యాభివృద్ధికై 1881లో టస్కీగీ విద్యాలయమును నెలకొల్పిన బుకర్ టి. వాషింగ్టనుగారు విద్యార్థులచేతనే యిటుకలు చేయించిరి. మూడు ఆవము లొకదానివెంట నొకటి చెడిపోయెను. నాలుగవదానికి సొమ్ము లేక తన గడియారమును కుదువపెట్టిరి. ఆ నాలుగవ ఆవము కుదిరెను. నేను నా స్నానపుగదిని పగులగొట్టిన నాడు ఈ గడియారపు కథ జ్ఞప్తికి వచ్చి ధైర్యము తెచ్చుకొంటిని.

కష్టనష్టములు

ఈ పనిని నేను పొగడుటయే చేసినచో మీకు ద్రోహము చేసినవాడనగుదును. దీని కష్టములు గొప్పవి. మోకాళ్ళు అరుగును, మెత్తని కట్టు లేక పనిచేసినవాడు యాబదియేండ్లకు కూర్చుండి లేవలేడు. పలకను మిషనుతో కోయునపుడు లేచు ధూళిలోని సిలికా ఊపిరితిత్తులలో చేరి తిరిగి రాని వ్యాధిని కలిగించును. నీరు పోయుచు కోయుట, ముక్కునకు సరియైన ముసుగు కట్టుట తప్పనిసరి, రుమాలు చాలదు. వానకాలమున పనులు తగ్గును. ఒప్పుకొన్న సొమ్ము చేతికి వచ్చుటకు కొందఱివద్ద పదిసార్లు తిరుగవలెను. సెలవు లేదు, పింఛను లేదు.

దీనికి కొంత నివారణ కలదు. 1996లో కేంద్రప్రభుత్వము భవననిర్మాణ కార్మికులకొఱకు చట్టము చేసినది మొదలు, 18 ఏండ్లు నిండి 60 ఏండ్లు నిండనివారు, ఏడాదిలో 90 దినములు ఈ పని చేసినవారు, సంక్షేమమండలిలో పేరు నమోదు చేసికొను హక్కు ఏర్పడినది. మనవారిలో ఈ హక్కును వాడుకొననివారే యెక్కువ. 2023 సెప్టెంబరు 17న ప్రారంభమైన విశ్వకర్మ పథకమునందలి 18 వృత్తులలో రాజమిస్త్రీ యొకటి. దానిలో శిక్షణకాలమునకు దినభత్యము, పనిముట్లకు 15,000 రూపాయలవఱకు సహాయము, నూటికి ఐదు వడ్డీతో ఋణము ఏర్పఱచిరి. 1998లో హైదరాబాదున స్థాపింపబడిన జాతీయ నిర్మాణ విద్యాసంస్థ, దీనినే న్యాక్ అందురు, ఇట్టి పనులలో శిక్షణ నిచ్చుచున్నది. అయినను తరగతిలో నేర్చినది చేతికి దిగుటకు మంచి మేస్త్రీచెంత ఏడాది రెండేడులు పనిచేయక తీఱదు.

సంఘమునకు మనవి

మన పిల్లలు చదువు మానవలెనని నా యభిప్రాయము కాదు. నా కుమార్తె చదువు ముగించి నేడు ఉపాధ్యాయిని. చదువు లేకున్నచో నేను ఆ ప్రమాణముల సంఖ్యలను చదువగలిగియుండెడివాడను కాను. నేను కోరునది వేఱు. ఉద్యోగము పోయినవాడును, ఉద్యోగము దొరకనివాడును, ఈ సభకు చేయి జేబులో పెట్టుకొని రాకుండ నుండవలెను. అందుకై మహాజనులకు నాలుగు మనవులు చేయుచున్నాను.

మొదటిది: మన విద్యానిధినుండి కళాశాల విద్యార్థులకు వేతనము లిచ్చుచున్నాము, అందులో కొంతభాగమును చేతిపని నేర్చువారి పనిముట్లకు వడ్డీలేని ఋణముగ నిండు. కోయుమిషను, రసమట్టము, రబ్బరుసుత్తి, మోకాలికట్టు, ధూళిముసుగు, వీనికి గావలసిన సొమ్ము మన వార్షికభోజనపు ఖర్చులో చిన్నభాగము మాత్రమే.

రెండవది: ఏ మేస్త్రీ యే పనిలో నిపుణుడో తెలుపు పట్టికను సంఘమువారు ఉంచవలెను. కులము చూడక మంచి మేస్త్రీలను అందు చేర్చుడు. నేనుగూడ ఏడాదికి ఇద్దఱికి నేర్పెదనని ఈ సభయెదుట వాగ్దానము చేయుచున్నాను. వారు నలుబదియేండ్లు దాటినవారైనచో మఱింత సంతోషము. వారి యవమానము నాకు తెలియును.

మూడవది: మన సంచికలో ప్రకటించు వధూవరుల పట్టికయందు తండ్రివృత్తి, వరునివృత్తి యను గడులలో "మేస్త్రీ" యని వ్రాసినచో ఆ పుట త్రిప్పివేయు నలవాటును పెద్దలు మానుడు. నా కుమార్తె వివరములు వ్రాసినపుడు మా బంధువులే "ఆ మాట వద్దు" అనిరి. ఆ మాటయే వ్రాయుమని నా కుమార్తె పట్టుపట్టినది. ఆ మాట చదివియే వచ్చిన కుటుంబముతో మాకు సంబంధము కుదిరినది. నిజము వ్రాసినందున ముందుగనే జల్లెడ పట్టినట్లైనది.

నాలుగవది: మన విద్యార్థివసతిగృహమునకు క్రొత్త నేల వేయవలెనని ఆహ్వానసంఘమువారు తలచుచున్నట్లు వింటిని. పలకలు సంఘము కొన్నచో, పఱచుపని నేను కూలి లేకుండ చేసి పెట్టెదను. నేర్చుకొనగోరు యువకులను నాతో పంపుడు. స్నానపుగదుల వాటమును మాత్రము నేనే స్వయముగ చూచుకొందును.

ఉదయము ద్వారమువద్ద పట్టికలో నా పేరు వ్రాసితిని. మూడవ గడిలో "టైల్సు మేస్త్రీ" యని వ్రాసి, క్రింద సంతకము చేసితిని. పట్టిక పట్టుకొని కూర్చున్న బాలుడు తల యెత్తి, "బాబాయిగారూ, మా యింటిలో వంటగది పలక లూగుచున్నవి, ఎప్పుడు వత్తురు?" అని యడిగెను. సభ ముగిసిన పిమ్మట పోయి చూచెదనని మాట యిచ్చితిని.